లావు తీగ, సన్న తీగ

కెనడాలోని ఓక్‌విల్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్, చలికాలపు మధ్యాహ్నం. అక్కడ అద్దెకుంటూ కాలేజీకి వెళ్ళే భవిత, మంచం అంచున బేస్ గిటార్‌తో కూర్చుంది. ఇంటావిడ విశాలాక్షి పైనుంచి దిగి వచ్చి ఆఖరి మెట్టు మీదే ఆగింది.

"వాల్యూమ్ రెండు మీదనే ఉన్నది ఆంటీ. ఇంకా తగ్గిస్తే నాకే వినపడదు."

"వాల్యూమ్ గురించి నేనేమైనా అన్నానా?"

"అనలేదు. కానీ మీరిట్ల వచ్చి నిలబడితే..."

"నిలబడితే?"

"లాండ్రీకైతే బుట్ట తెచ్చుకుంటరు కదా. బుట్ట లేదు."

"తెలివైనదానివే. నీకో మాట చెప్పాలి. మీ అంకుల్ చెప్పమన్నారు. అది తర్వాత. ముందు ఆ లావు తీగ ఇంకోసారి కొట్టు."

"ఇదా?"

"అదే. ఊఁ. దాని పక్కది. ఊఁ. మూడోది. అబ్బా! ఆఖరిది... కొట్టవే."

"కొట్టిన ఆంటీ."

"కొట్టావా? చూశావా మరి! మొదటిది పెళ్ళివారి బాజా. రెండోది గోడ అవతలెవరో గొణుగుతున్నట్టుంది. మూడోది రేకు డబ్బా. నాలుగోది ఉందో లేదో దేవుడికే తెలియాలి. ఒక ఇంట్లో నలుగురు పిల్లలూ నలుగురు తల్లులకి పుట్టినట్టున్నారు."

"మీకు పైనకు అంత క్లియర్‌గ వినిపిస్తదా?"

"వేడిగాలి గొట్టంలోంచి తిన్నగా నా వంటింట్లోకే వస్తుంది తల్లీ. నీ లావు తీగకి అలమరాలో గ్లాసులు గణగణలాడతాయి. సన్న తీగ మీదకి పోయావంటే, పిల్ల నిద్రపోయిందేమోననుకుంటాను. పోపు వేగుతుంటే నేను గరిటె పట్టుకుని ఆ గొట్టం దగ్గర చెవొగ్గి నిలబడాలి. మొన్న పోపు మాడింది కూడా."

"సారీ ఆంటీ."

"సారీ ఎందుకు? పోపు మాడ్చింది నేను."

"అంకుల్ ఏం చెప్పమన్నరు?"

"చెప్తాను. ఇది మొదటినుంచీ ఇంతేనా, నువ్వు చెడగొట్టావా?"

"సెకండ్ హ్యాండ్‌ది ఆంటీ. ఎవరో అమ్ముతుంటే తీసుకున్న. మూడో తీగ తెగిపోతే అదొక్కటే మార్చిన."

"మిగతావి?"

"పాతవే."

"అదీ సంగతి! ముగ్గురు ముసలాళ్ళ మధ్య కొత్త కోడలు. గాజులు గలగలలాడించకేం చేస్తుంది పాపం."

"నవ్వకండి ఆంటీ. శనివారం మా బ్యాండ్ ప్రోగ్రామ్ ఉన్నది. ప్రాక్టీస్‌ల డ్రమ్స్ అబ్బాయి నిన్న మొహం మీదనే చెప్పిండు. నీ లావు తీగ ఒక్కటే హాలంత నిండుతున్నది, మిగిలిన మూడూ ఎటు పోతున్నయో తెలుస్తలేదు, శుక్రవారంలోపల సరిచేస్కో, లేకుంటే కీబోర్డ్‌లనే బేస్ పెట్టుకుంటం అన్నడు."

"అంటే నిన్ను తీసేస్తారా?"

"తీసేస్తం అనలే. వచ్చి ముందర కూచొని విను అన్నడు."

"అయ్యో. అది ఇంకా అన్యాయం."

"మంచోడే ఆంటీ. నిజమే చెప్పిండు."

"నిజం చెప్పేవాళ్ళు మంచివాళ్ళని ఎవరు చెప్పారు నీకు? సరే, నువ్వసలు చదవడానికి వచ్చావా, వాయించడానికి వచ్చావా?"

"చదవనీకే. చదువైపోయినంక స్టోర్‌ల షిఫ్ట్. షిఫ్ట్ అయినంక ఇది. ఇది లేకపోతే మొదటి రెండూ చెయ్యబుద్ధి కాదు."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"కరీంనగర్‌ల, ఇంజనీరింగ్ కాలేజీల. అందరూ మామూలు గిటారే పట్టుకున్నరు, పాడెటోళ్ళు పాటకొకరున్నరు. ఇది ఎవ్వరూ తీసుకోలే. ఆడపిల్లవు, మూలకు నిలబడి వాయించుకో అని నాకిచ్చిండ్రు. నాకు మంచిగనే అనిపించింది. మూలకుంటే ఎవ్వరూ చూడరు."

"ఊఁ. సరే. విను. మీ అంకుల్ నెలాఖరుకి వేరే రూమ్ చూసుకోమన్నారు."

"ఎవరిని?"

"నిన్నే."

"నన్నొక్కదాన్నేనా? మరి నాతోటి ఈ బేస్‌మెంట్‌ల ఉండే ఇద్దరు?"

"వాళ్ళు వాయించరుగా."

"ఆంటీ, ఇప్పుడు రూమ్ ఎక్కడ దొరుకుతది? మా క్లాస్ అమ్మాయి ఒకరింట్ల కిచెన్ పక్కన కర్టెన్ కట్టుకొని ఉంటున్నది. ఇంకొకామెది మంచం షిఫ్ట్. రాత్రి ఈమె పండుకుంటది, పగలు ఇంకొకామె పండుకుంటది. దుప్పటి చల్లారనే చల్లారదంట."

"తెలుసు. నేనేమైనా రాయినా?"

"నేను వాయించుడు బంద్ చేస్త."

"వద్దు!"

"వద్దా?"

"అంటే... మానెయ్యమని ఎవరన్నారు? ఖాళీ చెయ్యమన్నారు, అంతే."

"వాయించుడు బంద్ చేస్తే ఖాళీ ఎందుకు చెయ్యాలె?"

"అదీ నిజమే. ఏదో అన్నారులే. ఆయనకి ఇంటి నుంచే ఆఫీసాయె, మీటింగులుంటాయి."

"మీటింగ్ టైంల నేను ముట్టనే ముట్ట ఆంటీ. మూడు దాటినంకనే తీస్త. అంకులే చెప్పిండ్రు కదా, మూడు తర్వాత ఫ్రీ అని."

"ఎప్పుడు చెప్పారు?"

"మొన్న, డ్రైవ్‌వే మీద మంచు తీస్తుంటే. నేను పార పట్టిన, అంకుల్ మంచు కరగనీకి ఉప్పు జల్లుతున్నరు."

"ఇంకేం చెప్పారు?"

"ఏం లేదు."

"చెప్పు."

"ఏం లేదు ఆంటీ... మంచిగ వాయిస్తున్నవు బిడ్డా అన్నట్టు అన్నరు. వాయిస్తూ ఉండు, నువ్వొచ్చినంక ఇల్లు ఇల్లులాగ ఉందమ్మా అన్నరు."

"ఇల్లు ఇల్లులాగ."

"ఆ."

"మా ఆయనేనా? వీరరాఘవులు గారేనా?"

"ఈ ఇంట్ల ఇంకెవరున్నరు ఆంటీ? అందుకే నాకు సమజైతలేదు. మొన్ననే అట్లన్న అంకుల్, ఇయ్యాల ఖాళీ చెయ్యమన్నరా?"

"... స్క్రూడ్రైవర్ ఉందా నీ దగ్గర?"

"ఉన్నది. ఎందుకు?"

"ఆ తీగల కింద నల్లటి పట్టీలా ఉందే, అదేవిటి?"

"పికప్. లోపల అయస్కాంతం ఉంటది. తీగ ఊగితే అది పట్టుకొని, సౌండ్ పెంచే ఆంప్‌కి పంపిస్తది. తీగకు దగ్గరుంటే సౌండ్ ఎక్కువ, దూరముంటే తక్కువ. ఇటొక స్క్రూ, అటొక స్క్రూ. తిప్పితే ఆ పక్క లేస్తది, దిగుతది."

"మరి సన్న తీగ వైపు లేపలేకపోయావా?"

"లేపిన. ఇదిగో, తాకుతదేమో అన్నంత లేపిన. అప్పటిసంది ఆ తీగ సరిగ ఊగుతలేదు. అయస్కాంతం గుంజుతున్నది. ఏడుస్తున్నట్టు వస్తున్నది, శ్రుతి కూడ అటిటు పోతున్నది."

"మరీ దగ్గరకి లాక్కుంటే గొంతు నొక్కినట్టేనన్నమాట."

"అట్లనే అనుకోండి."

"దించెయ్యి. ఇంకొంచెం. ఆఁ, చాలు. ఇప్పుడు లావు తీగ వైపు దించు."

"అదెందుకు ఆంటీ? అదొక్కటే మంచిగ వినపడుతున్నది."

"అందుకే దించమంటున్నాను. అరిచేవాణ్ణి కూర్చోబెట్టకుండా గొంతులేనివాణ్ణి అరవమంటే ఎలా? దించు. తర్వాత అందరినీ కలిపి ఆ డబ్బా మీద పెంచుకో."

"ఆంప్ ఆంటీ అది. డబ్బా కాదు."

"ఏదో ఒకటి. ఇప్పుడు నాలుగూ కొట్టు. ఊఁ... కొంచెం నయం. రేకు డబ్బా మాత్రం అలాగే ఉంది."

"కొత్త తీగ కదా. సతాయిస్తది."

"ఏమీ చెయ్యలేమన్నట్టు అమాయకంగా చూడకు. నీ సింక్ దగ్గర గిన్నెలు తోమే స్పాంజి ఉంటుంది. కొత్తది ఉందా?"

"ప్యాకెట్‌ల ఉన్నది. ఏం చేస్తరు?"

"ఇలా తే. కత్తెర కూడా. ఇదిగో, తీగలు కట్టేసిన ఈ కొస దగ్గర, కిందికి దూర్చు. ఆ మూడో తీగ కింద మందంగా, మిగతావాటి కింద పొరలాగా. మీటు ఇప్పుడు."

"అరే! మోగుడు తగ్గింది ఆంటీ. గాజులు తీసేసినట్టుంది."

"మెత్తబడింది. ఇంక రెండోది. దాన్ని మీటేటప్పుడు చెయ్యి కొంచెం వెనక్కి జరుపు, ఈ స్పాంజి వైపు. అక్కడ మీటితే పదునుగా పలుకుతుంది. గొణుగుడు తగ్గుతుంది. ఆఁ! అదీ."

"మీకివన్ని ఎట్ల తెలుసు?"

"ఏం తెలుసు? చెవులున్నాయంతే."

"చేతులు కూడ ఉన్నయి ఆంటీ. నేను వాయిస్తుంటే మీ ఎడమచేతి వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద ఉరుకుతున్నయి. వచ్చినప్పటిసంది చూస్తున్న."

"... దురద."

"దురద తాళంల వస్తదా?"

"నోరెక్కువే నీకు. వీణ వాయించేదాన్ని. సరేనా? దానికీ వాయించే తీగలు నాలుగే."

"వీణనా! మీరా! ఎప్పుడూ చెప్పలే!"

"నువ్వడిగావా? అద్దె, వైఫై, చెత్త ఏ రోజు బయట పెట్టాలి అని అడిగావు. అవి చెప్పాను."

"ఇప్పుడు ఎక్కడున్నది వీణ?"

"నీకు తెలుసు. ఆ ఫర్నేస్ గదిలో గోడవార, నీలం బొంత చుట్టి ఉంది."

"అదా! అయ్యో ఆంటీ... మేము దాన్ని చుట్ట చుట్టిన కార్పెట్ అనుకున్నం. దాని మీద జాకెట్‌లు ఆరేస్తున్నం."

"తెలుసు. మీరొచ్చిన రోజున అక్కడ ఆరేసుకోండని చెప్పింది నేనే."

"ఎందుకట్ల?"

"ఎందుకేమిటి? వేడిగా ఉంటుంది, త్వరగా ఆరుతాయి."

"అది కాదు ఆంటీ. వాయించుడు ఎందుకు బంద్ చేసిండ్రు?"

"పెద్ద కథేం లేదు. పెళ్ళయ్యాక డల్లాస్ వెళ్ళాం. చిన్న అపార్ట్‌మెంట్. పొద్దున్నే ఓ గంట కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన 'విశాలా, తలనొప్పిగా ఉంది, ఇవాళ్టికి ఆపుతావా' అన్నారు. ఆపాను."

"ఇవాళ్టికే అన్నరు కదా."

"ఇవాళ్టికే అన్నారు."

"మరి తెల్లారి?"

"తెల్లారి ఆయనే అడుగుతారనుకున్నాను. ఏం విశాలా, ఇవాళ వాయించట్లేదే అని. అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. అడిగేదాకా ముట్టకూడదనుకున్నాను. వయసు అలాంటిది, పొగరు. తర్వాత అనన్య కడుపున పడింది. తర్వాత ఇల్లు మారాం, దేశం మారాం."

"అనన్య అక్క ఇప్పుడు మాంట్రియల్‌ల మాస్టర్స్ చేస్తున్నది కదా?"

"ఆఁ. దానికి వాళ్ళమ్మ వీణ వాయిస్తుందని తెలియదు. చిన్నప్పుడు బొంత విప్పి 'వాట్ ఈజ్ దిస్' అంది. అమ్మమ్మగారి సామాను అన్నాను."

"ఇన్ని రోజులు అంకుల్ ఒక్కసారి అడగలేదా?"

"ఇన్నేళ్ళు అను. నీ వయసు కన్నా ఎక్కువే."

"అయితే అంకుల్‌కు సంగీతం నచ్చదేమో."

"నేనూ అలాగే అనుకున్నాను! అలా అనుకునే హాయిగా ఉన్నాను. చెవిలేని మనిషి, ఏం చేస్తాం, అందరికీ అన్నీ ఉండవు కదా అని సరిపెట్టుకున్నాను. మొన్న ఆదివారం నువ్వు కింద వాయిస్తున్నావు. నేను హాల్లోకి వచ్చాను. ఆయన సోఫాలో కళ్ళు మూసుకుని, సాక్స్ వేసుకున్న కాలితో తాళం వేస్తున్నారు. నీ వాయిద్యానికి! బాజా, గొణుగుడు, రేకు డబ్బా, దానికి! తాళం కూడా తప్పే, అది వేరే సంగతి."

"ఆంటీ."

"ఏం?"

"నన్ను ఖాళీ చెయ్యమన్నది అంకుల్ కాదు కదా?"

"... ఆ స్పాంజి కొంచెం ఇటు జరిగినట్టుంది."

"ఆంటీ."

"నువ్వు వెళ్ళిపోతే గొడవ వదులుతుందనుకున్నాను. రెండు రోజుల్నించి మెట్ల దాకా వచ్చి వెనక్కి పోతున్నాను. ఇవాళ కచ్చితంగా చెప్పేద్దామని దిగాను. దిగేసరికి నువ్వు ఆ లావు తీగని బాదుతున్నావు. కోపమొచ్చింది. ఇలాంటిదాని కోసమా నేను ఇంత బాధపడుతోంది అని. కనీసం బాగా వాయించి చావచ్చుగా!"

"బాగా వాయిస్తే కోపం తగ్గుతుండెనా?"

"ఏమో. ఇంకా పెరిగేదేమో. అయినా నీ లోపం తీగల్లో సగమే. మిగతా సగం చేతిలో ఉంది. లావు తీగ మీద నీ వేలు దుడ్డుకర్ర. సన్న తీగ దగ్గరికొచ్చేసరికి దొంగపిల్లి. ఏవిటా భయం?"

"కింద తప్పు పోతే ఎవ్వరికి తెల్వదు ఆంటీ, మోత మోతల కలిసిపోతది. పైకి పోతే అందరికీ తెలుస్తది."

"తెలిస్తే?"

"మూలకున్నదాన్ని చూస్తరు."

"చూడనీ. ఎంత మెల్లగా మీటితే అంత వణుకుతుంది. ఆ వణుకే తెలుస్తుంది వాళ్ళకి. నాలుగు తీగలకీ ఒకే బరువు ఇవ్వు. ఇలా కాదు. కొట్టడం కాదు, మీటడం. అబ్బ, వేలు అలా కొక్కెంలా వంచకు... ఇటివ్వు దాన్ని."

"మీరు వాయిస్తరా?"

"చూపిస్తానన్నాను. వాయిస్తానన్నానా? మంచం మీద కాదు, నేల మీద బాసింపట్టు వేసుకుంటాను. ఆ దిండు తియ్యి. అమ్మో, ఇంత బరువా! దీన్ని మెడకి తగిలించుకుని నిలబడతావా నువ్వు?"

"ఒళ్ళో అట్ల అడ్డంగ పెట్టుకుంటరా ఆంటీ? ఇది అట్ల వాయించేది కాదు."

"నాకు ఇలాగే వచ్చు. వీణకున్నట్టే మెట్లున్నాయిగా దీనికీ. దూరదూరంగా ఉన్నాయి, అంతే. సా... ఊఁ. రి... చెయ్యి సాగట్లేదు. గోళ్ళు కూడా లేవు. నవ్వావంటే చూడు!"

"నవ్వుతలేను."

"అదుగో. లావుది. రెండోది. ఇప్పుడు పైకి వెళ్తున్నాను, విను. బరువు మార్చట్లేదు, చూడు నా వేలు."

"నాలుగు ఒక్కలెక్క వినపడుతున్నయి ఆంటీ! సన్నది కూడ! ఇంకొంచెం వాయించండి. ఇంకొంచెం."

"వేళ్ళు మండుతున్నాయి."

"అయితే ఆపండి."

"ఆపమన్నావంటే చంపుతాను."

"నేనేం అనలే!"

"ఇదిగో, ఇక్కడ తీగ లాగితే వీణలా పలుకుతుందేమో చూద్దాం... అమ్మ నా తల్లీ, పలికింది. మొండిగా ఉంది గానీ పలికింది. ఆ డబ్బా కొంచెం పెంచు."

"ఆంప్."

"పెంచవే!"

"పెంచిన. నాలుగు మీద పెట్టిన... ఆంటీ, మీరు ఏడుస్తున్నరా?"

"వేళ్ళు మండుతున్నాయని చెప్పానుగా. మాట్లాడకు."

"ఆంటీ, ఆగండి. పైన తలుపు తీసినట్టుంది."

"ఆపను."

"అంకుల్ మెట్ల దగ్గరున్నరు ఆంటీ. పిలుస్తున్నరు."

"అమ్మా భవితా!"

"ఆఁ... అంకుల్!"

"నేనని చెప్పకు. చెప్పావంటే ఊరుకోను."

"ఏమైంది తల్లీ నీ చేతికి ఇవాళ?"

"ఏం కాలే అంకుల్! తీగలు... తీగలు సరిచేసుకున్న!"

"తీగలేనా? నాకు సంగీతం తెలీదు గానీ, చేస్తున్న పని మధ్యలో వదిలేసి వచ్చానమ్మా. ఇన్నేళ్ళుగా నా చెవికి ఇంత బాగా ఏదీ వినపడలేదు. పెళ్ళయిన కొత్తలో పొద్దున్నే మా ఇంట్లో ఇలాగే మోగేది. ఒకరోజు నోరు జారి తలనొప్పన్నాను. అంతే, ఇంక వినే ప్రాప్తం లేకపోయింది. ఆపకు, కానివ్వు."

"వింటున్నరా ఆంటీ?"

"ష్."

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

"ఎవ్వరితో లేదు అంకుల్! ఫోన్!"

"సరే సరే. మీ ఆంటీ పైన కనపడట్లేదు, బజారుకెళ్ళినట్టుంది. ఆవిడ వచ్చేలోపే వాయించెయ్యి తల్లీ, ఆవిడకి సంగీతమంటే గిట్టదు."